చెత్తకు కరువు

నంద్యాల గాంధీ చౌక్ పక్క సందులో శేషాద్రి అంగడికి వెళ్లి ఏది అడిగినా లేదనే మాట వినపడదు. పెళ్లికి ప్లేట్లు, దినానికి గ్లాసులు, చికెన్ అంగడికి నల్ల కవర్లు, బట్టల అంగడికి చేతిపిడి ఉన్న తెల్ల కవర్లు, అన్నీ ఉంటాయి. ఒకవేళ లేకపోయినా, కూర్చోమని చెప్పి, వెనక దారిన పోయి పక్క అంగట్లో తెచ్చి ఇస్తాడు తప్ప వచ్చిన మనిషిని ఒట్టి చేతులతో పంపడు. సరుకు అయిపోయిందని చెప్పడం అతనికి ప్రాణం పోయినంత పని. అతని గొప్ప అదే, అతని జబ్బూ అదే.

అంగడి పేరు జాహ్నవి ప్లాస్టిక్స్. కూతురు పుట్టిన ఏడాది పెట్టాడు. బోర్డు మీద రాయించుకుని ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. తెప్పించే కవర్ల మీద కూడా ఎర్రటి పెద్ద అక్షరాల్లో ఆ పేరు అచ్చు వేయించాడు. "మా పాప పేరు జిల్లా అంతా తిరుగుతాంది" అని వచ్చినవాళ్లకల్లా చెప్పి మురిసిపోయేవాడు. ఆ ఎరుపు కోసం అచ్చువేసేవాడితో చాలా పోట్లాడాడు. ఎండకు వెలవకూడదు, వానకు కారకూడదు అన్నాడు. ఆ మాట ప్రకారమే అది వెలవదు, కారదు.

ఆ పాప ఇప్పుడు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉంది. సివిల్. చిన్నప్పుడు బడి వదలగానే అంగడికొచ్చి గల్లాపెట్టె పక్కన ఎక్కి కూర్చునేది, కవర్ల బండిళ్ల మీద బోర్లా పడుకుని హోంవర్కు రాసేది. పోయిన ఏడాది నుంచి అంగడి మెట్టెక్కడం మానేసింది. ఇంట్లో కూడా అడిగినదానికి జవాబు చెప్తుంది, అంతే. చదువు ఒత్తిడి అనుకున్నాడు శేషాద్రి. మనకు నచ్చని సంగతికి ఏదో ఒక మంచి పేరు పెట్టుకుని సర్దుకుపోవడం అందరం చేసేదే.

అసలు సంగతి అభిలాష్ నోట బయటపడింది. ఆ అబ్బాయిది బనగానపల్లె, హాస్టల్లో ఉంటాడు, జాహ్నవి క్లాసే. ఇద్దరిదీ ఒకటే ప్రాజెక్టు. ఒకరోజు ఏవో డ్రాయింగులు తీసుకుపోవడానికి ఇంటికొచ్చి, జాహ్నవి లోపల వెతుకుతుంటే మర్యాదకు నాలుగు మాటలు మాట్లాడదామని, "అంకుల్, కిరాణం ఎట్ల నడుస్తాంది? ఆన్‌లైన్ వాళ్లతో దెబ్బే కదా?" అన్నాడు.

శేషాద్రికి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక, "బానే నడుస్తాంది నాయనా. కాఫీ తాగు" అన్నాడు.

పిల్లవాడు పోయాక వంటింట్లోకి వెళ్లి భార్య ఇందుమతితో చెప్పాడు. "మనది కిరాణా అంగడని చెప్పిందంట మన పాప."

"చెప్తే చెప్పనీ. కవర్లని చెప్పుకునే రోజులా ఇవి?" అంది ఇందుమతి పోపు పెడుతూ.

"ఏం, దొంగతనం చేస్తాండానా? లావు కవర్లే అమ్ముతాండా, చట్టం చెప్పినట్ల. నేనేమన్నా జనం చేతుల్లో కుక్కుతాండానా? చీపురుకట్ట కొన్నా కవరియ్యమంటారు. అంత పొడుగు చీపురు కవర్లో యాడ పడుతుంది?"

"నాకెందుకు చెప్తారు? పాపకు చెప్పండి."

పాపకు చెప్పే ధైర్యం అతనికి లేదు. కోపం వచ్చి ఉంటే బాగుండేది, అరిచేసి ఊరుకునేవాడు. వచ్చింది బాధ. తన కూతురు నలుగురిలో తన తండ్రి ఫలానా అని చెప్పుకోలేకపోయింది. అంగడిలో కూర్చున్నా అదే ఆలోచన, లెక్క చూస్తున్నా అదే ఆలోచన. ఎట్లాగైనా ఆ పిల్ల నోటితో, నలుగురి ముందర, మా నాయన ఫలానా అంగడాయన అని ఉన్నది ఉన్నట్టుగా చెప్పించుకోవాలి. అంతకుమించి అతనికి ఏమీ అక్కర్లేదు.

ఆ ప్రాజెక్టు సంగతి కూడా చెప్పాలి. ఆళ్లగడ్డ చివర, నంద్యాల రోడ్డు మీద ఒక బస్‌స్టాపు ఉంది. స్టాపు అనేది పేరుకే, అక్కడ ఉన్నది ఒక రేకు బోర్డు. కాలేజీలకు పోయే ఆడపిల్లలు ఎండలో నిలబడి బస్సు కోసం చూస్తుంటారు. ఆ పక్కనే పొలమున్న కమలాక్షమ్మ అనే పెద్దమనిషి రోడ్డువార కాస్త జాగా ఇచ్చింది. ఆమె పొదుపు సంఘంలోని ఆడవాళ్లూ, కాలేజీ పిల్లలూ కలిసి అక్కడ గది కడుతున్నారు. మూలలకు నిలువు రాతి కూసాలు, పైన రేకులు. గోడలకు మాత్రం ఇటుకలు కాదు, బాటిళ్లు. తాగి పారేసిన నీళ్ల బాటిళ్లలో పాత కవర్లు, చిప్స్ ప్యాకెట్లు, పాల ప్యాకెట్లు కర్రతో కూరి కూరి, రాయిలాగా గట్టిపడ్డాక మూత బిగించి, వాటిని అడ్డంగా పేర్చి మధ్యలో మట్టీ సిమెంటూ కలిపి మెత్తుతారు. సంఘం ఆడవాళ్లు మొదట్లో ఈ పని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారట. తర్వాత పట్టుకుంటే వదల్లేదు. టీవీ చూస్తూ కూరడం, రచ్చబండ మీద మాట్లాడుకుంటూ కూరడం, చివరికి సీమంతానికి పోయినా సంచిలో ఒక బాటిలూ కర్రా పెట్టుకుపోవడం దాకా వచ్చింది.

ఒకరోజు పొద్దున్నే జాహ్నవి మిద్దె మీద ఫోన్లో మాట్లాడుతుంటే, బట్టలు ఆరేసే తీగ సర్దుతున్నట్టు నటిస్తూ శేషాద్రి విన్నాడు.

"లేదు అభిలాష్, యాడా దొరకడం ల్యా. వీధులన్నీ ఊడ్చినారు. కాలవల్లో కూడా లేదు. గోడ కిటికీ మట్టం దాకా వచ్చి నిలబడిపోయింది. సార్లేమో సోమవారం వస్తామంటాండారు. నాకేం తోచడం లేదు."

చెత్తకు కరువు! ఆళ్లగడ్డలో! ఎవరన్నా చెప్తే శేషాద్రి నమ్మేవాడు కాదు. కానీ జరిగింది అదే. ఆడవాళ్లు ఏరి ఏరి ఊరిని శుభ్రం చేసి పెట్టారు. పైగా పనికొస్తుందని తెలిసేసరికి ఎవరి చెత్త వాళ్లకు ముద్దొచ్చింది. నిన్నటిదాకా కాలవలోకి విసిరేసిన అంగళ్లవాళ్లు కూడా, "ఊరికెట్లిస్తాం?" అని దాచిపెట్టుకోవడం మొదలుపెట్టారు.

శేషాద్రికి ఆ ఫోను మాటల్లో మిగతావేవీ చెవికెక్కలేదు. సరుకు తక్కువైంది, పని నిలబడిపోయింది, పాపకు ఏం తోచడం లేదు. ఈ మూడే వినపడ్డాయి. తీగ అక్కడే వదిలేసి కిందికి దిగాడు. సరుకు తక్కువైతే ఏం చెయ్యాలో అతనికంటే బాగా తెలిసినవాళ్లు నంద్యాలలో ఎవరున్నారు?

కూతురు కాలేజీ వాళ్లతో కలిసి ఆళ్లగడ్డ బస్సెక్కింది. ఆమె వెనకాలే శేషాద్రి గోడౌన్ తెరిపించి, కవర్ల బండిళ్లు రెండు ట్రాలీ ఆటోలో వేయించాడు. కూతురి మాట పోకూడదని జాగ్రత్త కూడా పడ్డాడు. పేరు అచ్చువేసినవి వద్దని, తెల్లటి సాదా కవర్లే తీయించాడు. బండిళ్ల మీద అంగడి చీటీలు గోరుతో గీకి గీకి పీకేశాడు. డ్రైవరు నరసింహులు వింతగా చూస్తుంటే, "ఆడ ఎవురన్నా అడిగితే మనది కిరాణం అని చెప్పు" అన్నాడు.

"మన్ది కిరాణం ఎప్పుడాయె అన్నా?"

"ఈపొద్దుకు అయింది. నువ్వు గమ్మున తోలు."

శిరివెళ్ల దాటాక రెండు పక్కలా శనగ పీకేసిన నల్లరేగడి పొలాలు, ఎడమవైపు దూరంగా నల్లమల. ఎప్పుడూ తిరిగే దారే. ఆ రోజు మాత్రం కంపచెట్లకు పట్టుకుని కొట్టుకుంటున్న కవర్లు అతని కంటపడ్డాయి. ఎన్నేళ్లుగా ఉన్నాయో అవి. ఎవరి అంగడివో అనుకుని చూపు తిప్పుకున్నాడు. పాప సంతోషపడుతుంది, ఇంతదూరం నువ్వే తెచ్చినావా నాయనా అంటుంది, అనుకుంటూ పోయాడు.

బస్‌స్టాపు దగ్గర వేపచెట్టు నీడలో పట్టలు పరుచుకుని ఆడవాళ్లూ, వాళ్లతోపాటు జాహ్నవీ కూర్చుని ఉన్నారు. మిగతా కాలేజీ పిల్లలు చెత్త వెతకడానికి ఊళ్లోకి పోయారు. వెనక గది. కిటికీ మట్టం వరకు లేచిన గోడలో బాటిళ్ల అడుగులు బయటికి కనబడుతూ, లోపలి రంగులు ఎండకు మెరుస్తున్నాయి. బాగానే ఉంది అనుకున్నాడు శేషాద్రి. తన కూతురు కట్టింది మరి. ఆటో ఆగగానే జాహ్నవి తలెత్తి చూసింది. చూసి లేచి నిలబడింది. ఆమె ముఖంలో సంతోషం కాదు కనబడింది, భయం.

"ఎవరు పాపా?" అంది పట్ట మధ్యలో కూర్చున్న పెద్దామె. నెరిసిన జుట్టు, బిగించి కట్టిన గళ్ల చీర, చేతిలో కర్ర. ఆమే కమలాక్షమ్మ.

"మా నాయన పెద్దమ్మా." చూపు దించుకుని, "కిరాణా అంగడి" అంది జాహ్నవి.

శేషాద్రి తల ఊపాడు. విన్న మాటే అయినా, ఎదురుగా కూతురి నోట వింటే వేరేగా ఉంది.

"రాప్పా, కూచో. ఎండన పడి వచ్చినావ్" అని కమలాక్షమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. ఈలోగా నరసింహులు బండిళ్లు దింపాడు. శేషాద్రి కాస్త కుదుటపడి, గొంతు సవరించుకుని, "తక్కువొచ్చిందని విన్నామ్మా. ఇగో, తెచ్చినా. ఎంత కావాలంటే అంత కూరుకోండి. చాలకుంటే ఇంకా పంపిస్తా" అన్నాడు.

రామసుబ్బమ్మ అనే ఆమె ఉత్సాహంగా కొడవలితో బండిలు కోసింది. లోపల మడత విప్పని కవర్లు, కొత్త వాసనతో, తెల్లగా, దొంతర్లు దొంతర్లుగా బయటపడ్డాయి. రామసుబ్బమ్మ ఒక కవరు తీసి, విదిల్చి, అటూ ఇటూ తిప్పి చూసింది. దాన్ని బాటిల్లో కూరడానికి ఆమెకు చెయ్యి రాలేదు. పక్కామెకూ రాలేదు. పాత కవరు కూడా కడిగి ఆరబెట్టి పరుపు కింద దాచుకునే మనుషులు వాళ్లు. చిరగని కవరును ముక్కలుగా కుక్కడమంటే వడ్డించిన అన్నాన్ని దిబ్బలో పోసినట్టు. చివరికి రామసుబ్బమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి నడుములో దోపుకుంది. "ఊరికి పోయేటప్పుడు చీర పెట్టుకునేదానికి అయితాది" అంది ఎవరూ అడక్కముందే. అది చూసి ఇంకో ఇద్దరి చేతులు బండిలు వైపు సాగాయి.

"ఉండండే!" అంది కమలాక్షమ్మ. శేషాద్రి వైపు తిరిగి, "ఇవన్నీ కొత్తవి కదప్పా. కొత్తవి కూరేదేందీ? కిరాణా అంగట్లో ఇన్ని కవర్లు యాడివి నీకు?" అంది.

"అవీ... మిగిలిపోయినవమ్మా" అన్నాడు శేషాద్రి. అబద్ధమాడటం అంగట్లో అలవాటైన పనే అయినా, ఇది మాత్రం నాలుక మీద నిలబడలేదు.

జాహ్నవి అతని చెయ్యి పట్టుకుని గోడ వెనక్కి తీసుకుపోయింది.

"ఏం పని నాయనా ఇది?" గొంతు తగ్గించింది గానీ కోపం తగ్గలేదు.

"తక్కువైందని అంటివి కదా పాపా. నేనున్యా కదా, నీకు తక్కువ కానిస్తానా?"

"చెత్త తక్కువైందన్న్యా. కవర్లు తక్కువైనాయనలే. యాడంటే ఆడ పడి ఉండేది తీసి గోడలో పెట్టాలనే కదా ఇంత తిప్పలూ. కొత్తవి చేయించి గోడలో పెట్టేదానికా? ఎవరన్నా వింటే నవ్వుతారు."

"గోడ సగంలో నిలబడిపోతాది. సార్లొస్తారు. మార్కులు..."

"సగమే ఉండనీ. పైన జాలీ పెట్టుకుంటాం. ఊర్లో చెత్త అయిపోయి గోడ ఆగిందని చెప్తాం సార్లకు. అంతకన్నా ఏం కావాలి?"

అడిగిన సరుకు సగమే ఇచ్చి అదే గొప్ప అనుకోవడం శేషాద్రికి జన్మలో అర్థమయ్యేది కాదు. అందుకే ఆ సంగతి వదిలేసి, నోట్లో ఇన్నాళ్లూ నానుతున్న మాట అనేశాడు. "నా అంగడంటే నీకు సిగ్గయింది. అంతే కదా? అభిలాష్‌కు చెప్పినావు, వీళ్లకు చెప్పినావు. కిరాణం! ఆ అంగట్లోనే కదా పెరిగినావు?"

జాహ్నవి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మొట్టమొదటి రోజు కాలవలో దిగినాం నాయనా, అందరం. చెయ్యి పెట్టి తీస్తే నా పేరు. మళ్లీ పెడితే మళ్లీ నా పేరు. బురదలో, పెంటలో, యాడ చూసినా ఎర్రగా నా పేరే. నా చేత్తో తీసి, నేనే బాటిల్లో కుక్కుకుంటా వస్తాండా. ఇంతమందిలో ఇది మాదే అని ఎట్ల చెప్పేది?"

శేషాద్రి ముద్దు పేరని, మంచి పేరని, జిల్లా అంతా తిరగాలని వేయించాడు. తిరిగి తిరిగి అది ఎక్కడికి చేరుతుందో ఎప్పుడూ అనుకోలేదు.

"తీసేస్తా పాపా" అన్నాడు చివరికి. "రేపే అచ్చువాడికి ఫోన్ చేస్తా. నీ పేరుండదు. సాదావే తెప్పిస్తా."

"పేరు తీసేస్తే కవరు పోతాదా నాయనా? పేరు లేకుండా పడుంటాది, అంతే కదా."

"మరి ఏం చేయమంటావు? అడిగినోళ్లకు లేదని చెప్పేది నాకు రాదు. ఆ అంగడి తప్ప ఇంకోటి చేతకాదు."

"నాకూ తెలీదు నాయనా" అంది జాహ్నవి కళ్లు తుడుచుకుంటూ. "తెలిస్తే చెప్పనా?"

ఇద్దరూ తిరిగొచ్చేసరికి కమలాక్షమ్మ కొత్త బండిళ్లను పక్కకు నెట్టించింది. శేషాద్రి పోతానన్నాడు. ఆమె ఊరుకోలేదు. "అన్నం వొండుతాండారు, తిని పోదువు. ఊరికే కూచోకుండా ఇది కూరు" అని ఒక ఖాళీ బాటిలూ కర్రా చేతిలో పెట్టి, పాత కవర్ల కుప్ప ముందుకు తోసింది. ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చిన ఆఖరి కుప్ప అది.

శేషాద్రి పట్ట మీద కూర్చుని ఒక కవరు తీశాడు. తన సరుకే. బట్టల అంగళ్ల కోసం పండగకు ప్రత్యేకంగా తెప్పించిన రకం, పిడి దగ్గర రెండు కుట్లు. కడిగి కడిగి కవరు మెత్తబడింది, తెలుపు పసుపుకు తిరిగింది. ఎరుపు మాత్రం నిన్న వేసినట్టుంది. గబగబా మడిచి, పేరు లోపలికి పోయేట్టు బాటిల్లో దూర్చాడు. పక్కన జాహ్నవి కూడా ఒకటి తీసి అచ్చం అట్లాగే మడిచింది. ఆ మడవడంలో ఎన్నాళ్ల అలవాటో ఉంది.

"అవి గట్టి కవర్లప్పా" అంది కమలాక్షమ్మ అతని చేతిలోది చూసి. "చినగవు. కూరేదానికి బాగుంటాయి. కానీ వాటిని చూస్తే నాకు ఒళ్లు మంట."

శేషాద్రి కర్ర ఆగింది. జాహ్నవి, "పెద్దమ్మా, నీళ్లు కావాల్నా?" అంది తొందరగా.

"వద్దు పాపా. చెప్పనీ, ఆయనకు తెల్దు కదా." కమలాక్షమ్మ తన బాటిలు కూరుతూనే చెప్పింది. "మాకొక ఎనుముండె. కుండ నిండా పాలిచ్చేది. నా కోడలి మాట వినేది కాదు, నా మాటే వినేది. ఉన్నట్టుండి మేత మానేసె. కడుపు ఉబ్బె. డాక్టరొచ్చి సూదేసినా లాభం లేకపాయె. నా ముందరే కాళ్లు చాపె. పోయినాక కోసి చూపిచ్చినాడు డాక్టరు. మూటప్పా, మూట. తడిబట్టలు పిండి చుట్టినట్ల ఉండె కడుపులో. ఇప్పితే అన్నీ కవర్లే. ఎవురో అన్నం మూటగట్టి పారేస్తే, వాసనకు కవరుతో మింగింది పిచ్చిముండ. కడుపులో అన్నాళ్లుండి కూడా ఆ ఎర్ర అచ్చు పోలేదు. కూడబలుక్కుని చదివినా. ఈ పాప పేరే. మొదటిసారి వచ్చినప్పుడు పేరు చెప్తే ఉలిక్కిపడినా. ఆ పేరు శానామందికి ఉంటాది లే పెద్దమ్మా అనె. అదీ నిజమే కదా. ఆ అంగడోడు ఎవడో గానీ, కనపడితే అడగల్లప్పా, నీ ఇంట్లో పాలు తాగే బిడ్డల్లేరా అని."

కర్రల చప్పుడు వినబడుతోంది. శేషాద్రికి అప్పుడు అర్థమైంది, కూతురు ఎవరి ముందర ఏం మోస్తూ కూర్చుంటూ వచ్చిందో. సిగ్గని తను అనుకున్నాడు. సిగ్గు కాదు. ఈ మనిషి ముఖం చూసి ఆ పేరు మాదే అని చెప్పడానికి ఎవరికైనా నోరు రాదు. తనకూ రావడం లేదు. ఒక నమస్కారం పెట్టి ఆటో ఎక్కి నంద్యాల పోతే, ఈమెకు ఎప్పటికీ తెలియదు. కిరాణా అంగడాయన వచ్చి పోయాడనుకుంటుంది. పోవచ్చు. ఆటో ఎదురుగానే ఉంది.

"పెద్దమ్మా" అంది జాహ్నవి. బాటిలు కింద పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. "ఆ అంగడి మాదే. ఆ పేరు నాదే. నేను పుట్టినప్పుడు వేయించినాడు మా నాయన. కిరాణం అని అబద్ధం చెప్పినా."

కమలాక్షమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆమె శేషాద్రి వంక చూడలేదు. జాహ్నవినే చూస్తూ ఉండిపోయింది.

"ఇన్నాళ్లు నా ఇంట్లో అన్నం తింటివే పాపా" అంది.

"చెప్తే రావద్దంటావని..."

"అంటుంటి."

అంతే అంది. జాహ్నవి తల దించుకుని ఏడ్చింది. శేషాద్రి అటు జరగబోయి, ఏ ముఖం పెట్టుకుని ఓదార్చాలో తెలియక అక్కడే ఉండిపోయాడు. "తప్పు పాపది కాదమ్మా" అన్నాడు. "అడగల్లంటివి కదా, నన్నడుగు. నాకు తెల్దమ్మా. కవరు చేతికిచ్చినాక యాడికి పోతాదో నేనెప్పుడూ చూడలేదు." అంటుంటేనే ఆ మాట ఎంత తేలికగా ఉందో అతనికే వినబడింది. కమలాక్షమ్మ లేచి, రోడ్డు దాకా పోయి, పొలం వైపు తిరిగి కాసేపు నిలబడింది. చెంగుతో ముఖం తుడుచుకుంది. తిరిగొచ్చి శేషాద్రి ముందర నిలబడింది.

"లెయ్యప్పా" అంది.

లేచాడు. పొమ్మంటుంది, పోవాల్సిందే అనుకున్నాడు.

"ఆ కొత్తవి బండెక్కించు. ఈడ ఒక్కటి కూడా ఉండకూడదు. నువ్వే ఎక్కించు, డ్రైవర్తో కాదు."

శేషాద్రి చొక్కా చేతులు మడుచుకుని మొదటి బండిలు ఎత్తబోయాడు. కోసిన కట్టు, చేతిలో నిలవక జారిపోతోంది. రెండో కొస ఎవరో పట్టుకున్నారు. చూస్తే జాహ్నవి. ముక్కు ఎర్రబడి ఉంది. ఇద్దరూ మోసుకుపోయి ఆటోలో వేశారు. రెండోదీ వేశారు. రామసుబ్బమ్మ నడుములోది మాత్రం తియ్యలేదు, ఎవరూ అడగలేదు.

"ఎక్కించినామ్మా" అన్నాడు చేతులు దులుపుకుంటూ. "పోయొస్తా."

"యాడికి?" అంది కమలాక్షమ్మ. "నీ బాటిలు సగం కూడా కాలే. ఈ కుప్పలో సగం నీవే. అవన్నీ నువ్వే కూరి పో."

ఆమె గొంతులో కోపం అట్లాగే ఉంది. కానీ నీళ్లచెంబు మళ్లీ నింపి అతని పక్కన పెట్టింది. శేషాద్రి కూర్చున్నాడు. ఒక కవరు తీశాడు. పేరు లోపలికి పోయేట్టు మడవబోయి, ఆగి, ఊరికే నలిపి దూర్చాడు. బాటిలు గోడకు ఆనించి చూస్తే ప్లాస్టిక్ లోంచి ఎర్రటి అక్షరం సగం కనబడింది. ఉండనీ అనుకున్నాడు. కర్రతో పొడవడం మొదలుపెట్టాడు. అంగట్లో చేతులకు ఎప్పుడూ రానంత నొప్పి వచ్చింది.

మధ్యాహ్నం బస్సు కోసం ఊళ్లోని కాలేజీ పిల్లలు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. వాళ్లలో ఒక అమ్మాయి గోడ చూడటానికి దగ్గరికొచ్చింది. ఆడవాళ్ల మధ్యలో తెల్లచొక్కా చెమటతో తడిసి, బాటిలు కాళ్ల మధ్య పెట్టుకుని కుస్తీ పడుతున్న పెద్దమనిషిని చూసి, "ఎవరక్కా ఆయన?" అని జాహ్నవిని అడిగింది.

"మా నాయన" అంది జాహ్నవి తన పని ఆపకుండా. "నంద్యాలలో కవర్ల అంగడి మాది."

ఆ అమ్మాయి "ఓ" అని, బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు తిరిగింది. ఆమెకు అందులో వింతేమీ కనబడలేదు. శేషాద్రి తల ఎత్తలేదు. ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట అదే. వినగానే సంతోషం వేసింది, ఆ వెంటనే ఇన్నాళ్లలో ఎప్పుడూ వెయ్యని సిగ్గు వేసింది. రెండింటిలో ఏది ఎక్కువో అతనికి తెలియలేదు.

కమలాక్షమ్మ వంగి అతని బాటిలును బొటనవేలితో నొక్కి చూసింది.

"మెత్తగుంది" అంది. "ఇంకా కూరు."

శేషాద్రి కుప్పలోంచి ఇంకో కవరు తీసుకున్నాడు.